అగ్నిపర్వతంలో వెనిగర్ ఎవరు పోశారు?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు సైన్స్ చెబుతుంటాను. వంటసోడాలో వెనిగర్ పోసి అగ్నిపర్వతంలా పొంగించే ప్రయోగం చూసిన మూడో తరగతి పిల్లాడు అడిగిన ప్రశ్నే పైది. నిజం అగ్నిపర్వతం ఎలా ఎగజిమ్ముతుందో చెప్పడానికి బొమ్మలు, వీడియోలు, మట్టికొండ ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది మైనం. వేడిని తట్టుకునే గాజు బీకరు అడుగున ఎర్ర కొవ్వొత్తి కరిగించి పోసి, పూర్తిగా గట్టిపడనిచ్చాను. దానిపై సెంటీమీటరు మందాన తడి ఇసుక. ఆపైన చల్లటి నీళ్లు, చెంచా మీదుగా మెల్లగా (లేదంటే ఇసుక చెదురుతుంది). పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టి, అడుగున ఒకేచోట మంట తగిలేలా నేనే పెట్టాను. కాసేపటికి మైనం ఇసుకను చీల్చుకుని తన్నుకొచ్చి, నీళ్లలో గడ్డకట్టింది. మాగ్మా (భూమి లోపల కరిగిన రాయి) కూడా చుట్టూ ఉన్న రాయికన్నా తేలిక కాబట్టే పైకొస్తుందని అప్పుడు చెప్పాను.

మొదటిసారి ఇసుక ఎక్కువై ఏమీ రాలేదు. మీకూ ఇదే కొలత కుదురుతుందని చెప్పలేను. వాయువుల పేలుడు మాత్రం ఇందులో కనిపించదు. దానికి ఊపిన సోడా సీసానే దిక్కు.