ఎర్ర చీర, పచ్చటి చేను: డిజిటల్ బ్లాక్ అండ్ వైట్‌లో రంగు ఫిల్టర్ల సంగతి

ఊడుపుల టైంలో మా కోనసీమ వైపు ఎప్పుడైనా ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఎర్ర చీర కట్టుకున్నావిడ చేలో వంగి నాటేస్తుంటే కలర్లో కళ్ళు చెదిరిపోతాయి, రంగు తీసెయ్యగానే చీర చేలో కలిసిపోయి మనిషెక్కడుందో వెతుక్కోవాలి. ఎరుపు, పచ్చ వెలుగులో ఇంచుమించు సమానం అయితే రెండూ ఒకే బూడిద రంగైపోతాయి మరి. లెన్స్ ముందు పెట్టే రంగు అద్దం, అదే ఫిల్టర్, దాని పని ఇక్కడే.

సూత్రం చిన్నదే, ఫిల్టర్ తన రంగుని తేలిక చేస్తుంది, ఎదురు రంగుని ముదురు చేస్తుంది. ఎర్ర ఫిల్టరైతే చీర తెల్లగా వెలుగుతుంది, చేను నల్లబడుతుంది, పచ్చ ఫిల్టరైతే సరిగ్గా తిరగబడుతుంది.

ఈ సూత్రం ఎక్కడో చదివి నేనూ లెన్స్‌కి బిగించే ఎర్ర ఫిల్టర్ కొనేసి తెల్లారగట్ల కాలవ గట్టుకెళ్ళాను, పొద్దంతా దండగైంది. మామూలు కలర్ సెన్సార్లో ప్రతి 4 పిక్సెళ్ళలో 2 పచ్చవి, 1 ఎర్రది, 1 నీలంది. ఎర్ర అద్దం పెడితే ఆ ఒక్కటే పనిచేస్తుంది, మిగతా మూడూ దాదాపు నిద్రపోతాయి, పైగా దట్టమైన ఎరుపు సుమారు 3 స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమౌతుంది) కాబట్టి ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) పెంచి నాయిస్, అంటే ఫొటోలో గరుకు చుక్కలు, తెచ్చుకున్నాను. కొంగల తెలుపేమో ఎర్ర ఛానెల్లో వెలుగెక్కువై వివరాలు పోయి కాలిపోయింది, వెలుగు చూపించే మామూలు హిస్టోగ్రామ్ గ్రాఫు మాత్రం బుద్ధిగానే కనిపించింది!

అందుకని ఇలా చెయ్యండి. కెమెరాలో రా (సెన్సార్ చూసిందంతా దాచే ఫైలు) పెట్టి పిక్చర్ స్టైల్ మోనోక్రోమ్ చెయ్యండి, అందులోనే పసుపు, ఆరెంజ్, ఎరుపు, పచ్చ ఫిల్టర్ ఎఫెక్టులుంటాయి, స్క్రీన్ మీద నలుపు తెలుపు కనిపిస్తుంది, రా ఫైల్లో రంగులు భద్రం. జేపెగ్ ఒక్కటే తీస్తే ఇక మార్చుకోలేరండి. ఇంటికొచ్చి ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ స్లయిడర్లతో ఆడుకోండి, ఫోన్ వాళ్ళకి ఫొటోలు దిద్దే యాప్ స్నాప్‌సీడ్‌లో రంగు ఫిల్టర్లు ఉన్నాయి. ఒక కిటుకు, వరి చేను పచ్చగా కనబడుతుందని గ్రీన్ స్లయిడరే లాగుతూ కూర్చోకండి, ఆ లేత పచ్చలో ఎక్కువ భాగం ఎల్లో స్లయిడర్లో ఉంటుంది, నాకిది తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఆకాశం నల్లబడాలంటే బ్లూ తగ్గించాలి, కానీ మరీ లాగితే కొబ్బరి మట్టల అంచుల చుట్టూ తెల్లటి గీత వచ్చేస్తుంది. ఎండాకాలం ఉక్కపోతలో తెల్లగా పాలిపోయిన మన ఆకాశానికి ఏ ఫిల్టరూ పనిచెయ్యదు, అందులో నీలం ఉంటే కదా. వాన వెలిసిన మర్నాడు చూడండి మజా. పల్చటి మసకని ఎర్ర ఫిల్టర్ తగ్గిస్తుంది, నీలం ఫిల్టర్ పెంచుతుంది, దూరంగా తోటలు ఒకదాని వెనక ఒకటి తేలిపోవాలంటే నీలమే బాగుంటుంది. చిక్కటి పొగమంచుకైతే ఏదీ లేదు.

మనుషుల్ని తీసేటప్పుడు ఎరుపు తక్కువ వాడండి, మొహం నున్నగా వస్తుంది గానీ పెదాలు మాయమైపోతాయి. ఎండలో కాగిన ముసలి రైతు మొహం మీద ముడతలు కావాలంటే కొంచెం పచ్చ వైపు వెళ్ళండి.

లైకా ఎమ్ మోనోక్రోమ్ లాంటి, అసలు రంగే చూడని సెన్సార్ కెమెరాకైతే మాత్రం అద్దం ఫిల్టర్ కావాల్సిందే, అక్కడ తర్వాత లాగడానికి స్లయిడరే పనిచెయ్యదు. నా ఎర్రది ఇప్పుడు చొక్కా జేబులో ఉంటుంది, చేను దగ్గర నిలబడి కంటికి అడ్డం పెట్టుకుని చూసుకోవడానికి.