రోహిణి ఎండలు రాకముందే పెళ్లి డీవీడీల పని చూడండి

ఉగాది దాటిన వారంలో ఒక చెల్లె నల్లగొండలోని మా ఎడిటింగ్ షాపుకు వచ్చింది. చేతిలో ఎర్ర రెగ్జిన్ అట్టల ఆల్బమ్, దాని వెనక అరలో మూడు డీవీడీలు. 2009లో పెళ్లయిందట. "అన్నా, రెండు మంచిగనే ఆడుతున్నయి. మూడోది అప్పగింతల కాడ ఆగిపోతుంది. మా బాపు మాట్లాడింది అందులో తప్ప ఇంకెక్కడా లేదు" అంది.

డిస్కును ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పెట్టి చూశాను. లోపలంతా ఊదా రంగు బాగానే ఉంది. అంచు చుట్టూ మాత్రం గోరంత వెడల్పున వెలిసిపోయింది.

పెళ్లి డీవీడీలు ఎక్కువగా చివర్లోనే ఎందుకు మొరాయిస్తాయని చాలామంది అడుగుతారు. గ్రామఫోన్ రికార్డుకు ఇది తిరగేసి. డిస్కులో రాత లోపలి నుంచి మొదలై అంచు వైపు వెళ్తుంది. నాసిరకం డిస్కులో రంగు పూత సమంగా పరుచుకోనిది అంచులోనే. చేతి చెమట, వేడి, గాలి ముందు తగిలేదీ అక్కడే. డిస్కు నిండా రాస్తే సినిమా చివరి భాగం సరిగ్గా అక్కడికి చేరుతుంది. అందుకే నాగవెల్లి దాకా బాగానే ఆడి, అప్పగింతలకు వచ్చేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది.

షాపులో కొనే సినిమా డీవీడీ, మేం రాసిచ్చే డీవీడీ ఒకటి కావు. సినిమాది ఫ్యాక్టరీలో అచ్చు గుద్దింది, అందులో గుంటలు ఉంటాయి. మాది ఖాళీ డిస్కు. లోపలున్న రసాయన రంగును లేజర్‌తో మాడ్చి రాస్తాం. వెలుతురుకు, వేడికి ఆ రంగు మారిపోతే రాత కూడా పోయినట్టే. డిస్కు మీద ఒక్క గీత లేకపోయినా ఆడకపోవడానికి కారణం ఇదే. పళ్ల పేస్టు రుద్దితే బాగవుతుందని ఇప్పటికీ కొందరు రుద్దుకుని తెస్తున్నారు. పేస్టు పైగీతను కాస్త నునుపు చేస్తుందేమో గానీ, లోపలి రంగును తిరిగి తేలేదు.

దాచేదేముంది, ఆ రోజుల్లో నేనూ చవక డిస్కులే వాడాను. హైదరాబాద్ హోల్‌సేల్‌లో 50 డిస్కుల డబ్బా తెచ్చేవాళ్లం. మంచి పేరున్న కంపెనీ లేబుల్ వేసిన డబ్బా ఒకటి తెచ్చాను. రాసిన రోజు అన్నీ ఆడాయి, మూడేళ్లకు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. అప్పుడు తెలిసింది, డబ్బా మీది పేరు వేరు, డిస్కు తయారుచేసినవాడు వేరు అని. ఒకే పేరుతో అమ్మే డిస్కులు ఈసారి ఒక ఫ్యాక్టరీవి, మరోసారి ఇంకో ఫ్యాక్టరీవి అయ్యుండొచ్చు. అసలు తయారీదారు గుర్తు డిస్కు లోపలే కోడ్‌గా ఉంటుంది. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ డిస్కు పెడితే అది కనిపిస్తుంది. ఎంసీసీ అని ఉంటే మిత్సుబిషి కెమికల్, టీవైజీ అని ఉంటే తైయో యూడెన్. ఆ కోడ్‌నూ నకిలీ కొట్టేవాళ్లున్నారు కాబట్టి అదొక్కటే చూసి నమ్మకండి. తైయో యూడెన్ 2015లోనే డిస్కుల తయారీ మానేసింది. మన దేశంలో ఇంటింటికీ తెలిసిన మోసర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇప్పుడు ఎవరైనా ఆ పేర్లతో డిస్కు ఇస్తే అది ఏళ్లకేళ్లు గోదాములో పడున్న పాత సరుకైనా అయ్యుండొచ్చు, నకిలీదైనా అయ్యుండొచ్చు.

ఇక ఎండాకాలం సంగతి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2003లో ఇచ్చిన గైడ్ ప్రకారం డిస్కులు ఉంచాల్సిన చోట వేడి 4 నుంచి 20 డిగ్రీలు, తేమ 20 నుంచి 50 శాతం. మన దగ్గర చలికాలం తెల్లవారుజామున తప్ప 20 డిగ్రీలు ఎక్కడివి? మే నెలలో నల్లగొండలో 44, 45 కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండైనా చల్లారదు. ఆ స్లాబు కిందే సజ్జ, సజ్జ మీద సూట్‌కేసు, సూట్‌కేసులో పెళ్లి ఆల్బమ్. ఇల్లు మొత్తంలో అంతకంటే వేడి చోటు ఉండదు. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా దానికి తమ్ముడు. ముందు డిస్కులను అక్కడి నుంచి దించి, కింది గదిలో ఎండ పడని గోడ దగ్గర చెక్క అల్మారాలో పెట్టండి. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టే అలవాటుంటే ఈరోజే మానండి.

ఆల్బమ్ వెనకుండే ప్లాస్టిక్ అర ఇంకో శత్రువు. వేడికి అది మెత్తబడి డిస్కుకు అతుక్కుంటుంది. బలంగా లాగొద్దు, నీడలో చల్లారనిచ్చి అంచు నుంచి మెల్లగా విడదీయండి. తర్వాత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నిలువుగా పెట్టండి. సీడీ అయితే ఇంకా జాగ్రత్త. డీవీడీలో రాత రెండు పలకల మధ్య ఉంటుంది. సీడీలో అది పైనున్న బొమ్మ కిందే, పలచటి పూత చాటున ఉంటుంది. బొమ్మ వైపు గీత పడితే ఎవరూ ఏం చేయలేరు. బాల్‌పెన్నుతో పేరు రాయొద్దు, స్టిక్కర్ అంటించొద్దు.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి కాపీ కొడితే పాడైన చోట పని ఆగిపోతుంది. అందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకోండి, బాగున్నవైనా ముందు చేతికొస్తాయి. ఇరుక్కున్న ఫైలును పదేపదే నొక్కే బదులు డ్రైవ్ మార్చండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదువుతుంది, ఎందుకో గానీ పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లే నాకు ఎక్కువ పనికొచ్చాయి. అదీ కాకపోతే డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చెడ్డ చోటును వదిలేసి ముందు మిగతాదంతా లాగి, తర్వాత వెనక్కి వచ్చి ఓపిగ్గా ప్రయత్నిస్తుంది. కాపీ అయ్యాక మొదటి రెండు నిమిషాలు చూసి సంబరపడొద్దు, చివరి పది నిమిషాలు చూడండి.

ఎక్కించింది రెండు హార్డ్ డిస్కుల్లో ఉండాలి. ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి పుట్టింట్లోనో అన్న ఇంట్లోనో. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే. మళ్లీ డిస్కు మీదే కావాలంటే సీలు తీయని కొత్త డబ్బా కొనండి. 4.7 జీబీ అని నిండా కుక్కకుండా అంచు కొంత ఖాళీగా వదలండి. 16ఎక్స్ వేగం డిస్కును 8ఎక్స్ వేగంతోనే రాయించి, రాత సరిగ్గా పడిందో లేదో వెరిఫై చేయించి తీసుకోండి. చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కులు దాచుకోవడానికి వద్దు.

ఆ చెల్లె మూడో డిస్కు మా దగ్గర రెండు రాత్రులు పాత డ్రైవ్‌లో తిరిగింది. బాపు మాట్లాడింది దాదాపు అంతా వచ్చింది, మధ్యలో పదకొండు సెకన్లు తప్ప. డిస్కు ఆమెకే తిరిగిచ్చాను, పారేయొద్దని చెప్పాను. ఇంకో డ్రైవ్ దొరికితే ఆ పదకొండు సెకన్ల కోసం మళ్లీ తెమ్మన్నాను.