వేసవికి ఇంటికొచ్చి కమ్యూనిటీ కాలేజీ కోర్సు చేస్తున్నారా?

అమెరికాలో డిగ్రీ చదువుతూ సెలవులకు హైదరాబాద్ వచ్చేవాళ్లు, తప్పనిసరి కోర్సు ఒకటి అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులు నడిపే కాలేజీ) ఆన్‌లైన్‌లో పూర్తి చేస్తే ఫీజు బాగా కలిసొస్తుంది. అయితే డబ్బు కట్టకముందే సిలబస్ మీ యూనివర్సిటీ అడ్వైజర్‌కు పంపి, ఏ కోర్సుకు బదులుగా లెక్కేస్తారో మెయిల్‌లో రాయించుకోండి. పేరు కలిసినంత మాత్రాన చెల్లదు.

క్వార్టర్ పద్ధతి (ఏడాదిని సెమిస్టర్ల కన్నా చిన్న టర్ములుగా విడగొట్టే) కాలేజీ అయితే మరీ జాగ్రత్త. అక్కడి 4 క్రెడిట్లు సెమిస్టర్ లెక్కలో 2.67 మాత్రమే. 3 కావాల్సిన చోట ఆ కాస్త తరుగే పట్టభద్రత దగ్గర అడ్డుపడుతుంది. ల్యాబ్ ఉన్న కోర్సు ఆన్‌లైన్‌లో చేస్తే ఒప్పుకుంటారో లేదో విడిగా అడగండి. మామూలుగా సి గ్రేడైనా రావాలి. చాలాచోట్ల క్రెడిట్లే బదిలీ అవుతాయి, జీపీఏ పెరగదు.

వేసవిలో న్యూయార్క్ రాత్రి 11:59 గడువంటే మనకు మర్నాడు ఉదయం 9:29, కాలిఫోర్నియాదైతే మధ్యాహ్నం 12:29. జూన్ గాలివానకు కరెంటు పోతే కెమెరా నిఘా పరీక్ష మధ్యలో తెగిపోతుంది, వైఫై రూటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలిపి పెట్టుకోండి. గ్రేడు పడ్డాక ట్రాన్‌స్క్రిప్ట్ (అధికారిక మార్కుల పత్రం) దానంతటది వెళ్లదు. మీరే దరఖాస్తు చేసి, కాలేజీ నుంచి నేరుగా యూనివర్సిటీకి పంపించాలి.