వేంపల్లె రాతిలో స్ట్రొమటోలైట్లను గుర్తుపట్టడం ఎలా

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో నాపరాయి పరిచిన గచ్చు మీద నల్లని సన్నని కొమ్మలు, రెమ్మలు కనిపించినప్పుడు, అది రాతిలో చిక్కుకుపోయిన మొక్క అని చాలామంది నమ్ముతారు. అది మొక్క కాదు. రాతి పొరల మధ్య పగుళ్లలోకి నీటితో పాటు చేరిన మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు కొమ్మలుగా విస్తరించి గట్టిపడడం వల్ల ఏర్పడిన ఖనిజం అది. దానిని డెండ్రైట్ అంటారు. పగులు ముఖం మీద తప్ప రాతి లోపలికి దానికి మందం ఉండదు, ఆకుకు ఉండే ఈనెలు ఉండవు. శిలాజాల కోసం బయలుదేరేవారు ముందుగా దీనిని పక్కన పెట్టడం నేర్చుకోవాలి. ఈ జిల్లాల్లోని అసలైన శిలాజం దీనికన్నా చాలా పెద్దది, ఊహకు అందనంత పాతది, అయినా పక్కనే నడిచి వెళ్లేవారి కంటికి ఆననిది. దాని పేరు స్ట్రొమటోలైట్.

లోతు తక్కువైన నీటి అడుగున సయనోబాక్టీరియా వంటి సూక్ష్మజీవులు జిగురు పొరగా పరుచుకుంటాయి. నీటిలో కొట్టుకువచ్చే సన్నని సున్నపు రేణువులు ఆ జిగురుకు అంటుకుంటాయి, కొంత సున్నం అక్కడికక్కడే పేరుకుంటుంది. పూడుకుపోతున్న జీవులు వెలుగు కోసం పైకి పెరిగి మరో పొర వేస్తాయి. ఇలా వేల పొరలు ఒకదానిపై ఒకటి చేరి దిబ్బలుగా, స్తంభాలుగా ఎదిగినదే స్ట్రొమటోలైట్. మనకు మిగిలింది ఆ జీవుల శరీరం కాదు, అవి కట్టిన కట్టడం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో ఇవి నేటికీ పెరుగుతూనే ఉన్నాయి.

ఎక్కడ వెతకాలో తెలియాలంటే పొరల వరుస తెలియాలి. కడప, కర్నూలు శిలాశ్రేణులను వివరిస్తూ విలియం కింగ్ 1872లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తరఫున నివేదిక ప్రచురించాడు. ఆ శ్రేణులకు మన ఊళ్ల పేర్లే నిలిచాయి. ఈ పొరలన్నీ పేరుకున్న పాత పల్లపు ప్రాంతాన్ని కడప బేసిన్ అంటారు. దాని పడమటి అంచున గ్రానైటు నేల మీద ముందుగా గువ్వలచెరువు ఇసుకరాయి ఉంటుంది. పుస్తకాల్లో ఇది గుల్చేరు క్వార్ట్‌జైట్. దానిపై వేంపల్లె శ్రేణి, ఆపైన పులివెందుల, తాడిపత్రి, గండికోట శ్రేణులు వరుసగా వస్తాయి. పొరలన్నీ తూర్పు, ఈశాన్య దిక్కులకు మెల్లగా వాలి ఉన్నాయి కనుక, పడమటి నుంచి తూర్పుకు నడిచేవారు పాత రాతి నుంచి కొత్త రాతికి నడుస్తున్నట్టే. పులివెందుల ప్రాంతంలో ఈ వరుసలోకి చొచ్చుకువచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. చొచ్చుకువచ్చిన రాతి కన్నా దానికి చోటిచ్చిన రాయి పాతది కావాలి కాబట్టి, వేంపల్లె రాయి అంతకు ముందుదే. గచ్చులకు వాడే నాపరాయి ఎక్కువగా నార్జి శ్రేణి సున్నపురాయి. బెలుం గుహలు ఏర్పడింది ఆ రాతిలోనే. అది వేంపల్లె రాతి కన్నా బాగా తర్వాతిది, రెండింటినీ కలపకూడదు.

వేంపల్లె శ్రేణిలో ప్రధానమైన రాయి డోలమైట్, అంటే సున్నంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్న, సున్నపురాయిని పోలిన రాయి. ఎండావానలకు దాని ముఖం అడ్డదిడ్డమైన గాడులతో ఏనుగు చర్మంలా ముడతలు పడుతుంది, దూరం నుంచి గుర్తించడానికి ఇది మంచి ఆనవాలు. అనుమానం ఉంటే పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడవచ్చు: సున్నపురాయి వెంటనే బుసబుసా పొంగుతుంది, డోలమైట్‌ను గీకి పొడి చేస్తే తప్ప పెద్దగా పొంగదు. ఆమ్లాన్ని శిలాజం మీద మాత్రం ఎప్పుడూ వేయకూడదు.

గుట్టల పైభాగం కన్నా వంకలు కోసిన గట్లు, రోడ్డు కోసం తొలిచిన అంచులు వెతకడానికి మేలు. పొలాల చుట్టూ పేర్చిన గోడల్లో కూడా స్ట్రొమటోలైట్లు దొరకవచ్చు కానీ, ఆ రాయి ఏ పొర నుంచి వచ్చిందో తెలియదు కనుక వాటిని కంటికి అలవాటు చేసుకోవడానికే వాడుకోవాలి. నడిమధ్యాహ్నపు ఎండలో రాతి ముఖం చదునుగా కనిపించి పొరలు మాయమవుతాయి. పొద్దున, సాయంత్రం ఏటవాలుగా పడే వెలుగులో ప్రతి పొరకూ నీడ పడుతుంది. డోలమైట్ కరిగిపోయి దానిలోని చెకుముకి పొరలు పైకి తేలి ఉన్నచోట చూపు నిలపాలి. కొన్ని నీళ్లు చల్లితే పొరల రంగు తేడా తేలుతుంది.

రాతిని పక్కనుంచి చూసినప్పుడు, పైకి ఉబ్బిన సన్నని పొరలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఉండాలి. పొర నడినెత్తిన మందంగా, అంచుల వైపు పలచగా ఉంటే నమ్మకం పెరుగుతుంది, ఎందుకంటే వెలుగు బాగా తగిలే చోటే జీవి ఎక్కువగా పెరిగింది. భూమి ఒత్తిడికి మడతపడిన రాతిలో కింది పొరలు, పై పొరలు అన్నీ కలిసి వంగుతాయి. స్ట్రొమటోలైట్ అలా కాకుండా చదునైన పొర మీద నుంచి లేస్తుంది, దానిపై వచ్చిన మట్టి గుబ్బల మధ్య పల్లాలను నింపి మళ్లీ చదునవుతుంది. అదే దిబ్బను పైనుంచి చూస్తే ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు కనిపిస్తాయి. వలయాలు మాత్రమే చూసి నిర్ణయించడం తప్పు, రాతిలోకి ఇంకిన నీటి వల్ల కూడా తుప్పురంగు వలయాలు ఏర్పడతాయి. పక్క ముఖం, పై ముఖం రెండూ ఒకే మాట చెప్పినప్పుడే స్ట్రొమటోలైట్ అని రాసుకోవాలి.

ఈ స్ట్రొమటోలైట్లు పెరిగిన నీరు సరస్సుదా, సముద్రానిదా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. స్ట్రొమటోలైట్లు రెండింటిలోనూ పెరుగుతాయి, కాబట్టి అవి ఒక్కటే జవాబు ఇవ్వలేవు. తెలంగాణలో ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శ్రేణి సున్నపురాయిని సరస్సులో ఏర్పడినదిగా గుర్తించడానికి దానిలో దొరికిన లెపిడోటిస్ వంటి చేపలు, ఇతర జీవుల శిలాజాలు తోడ్పడ్డాయి. కోటసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు కూడా ఆ శ్రేణివే, దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. వేంపల్లె రాతిలో చేపను గాని గవ్వను గాని వెతకడం వృథా, ఆ రాయి ఏర్పడిన కాలానికి జంతువులే లేవు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వెలికితీయించిన జంతువుల ఎముకలు గుహలోని మట్టివి, రాతివి కావు. కనుక వేంపల్లెలో చుట్టూ ఉన్న పొరలే సాక్ష్యం. అలల ముడతలు ఉంటే నీరు కదిలింది. నెర్రెలు విచ్చిన బురద గుర్తులు ఉంటే నీరు అప్పుడప్పుడు పూర్తిగా ఇంకిపోయింది. స్తంభాల మధ్య విరిగిన పలకల ముక్కలు ఉంటే బలమైన అలలు తాకాయి. ఇలాంటి గుర్తులున్న పొరలు కడప బేసిన్ పడమటి అంచు పొడవునా విస్తరించడాన్ని కూడా చూసే శాస్త్రజ్ఞులు దీనిని సాధారణంగా పోటుపాట్లకు లోనైన లోతులేని సముద్రతీరంగా వివరిస్తారు. తీరం వరకూ వచ్చే అలల లయను 188 కోట్ల ఏళ్లకు పైబడిన రాతిలో వేలితో తడిమి తెలుసుకోగలగడం ఈ నేలకు దక్కిన అపురూపమైన సంపద.

కనుగొన్నదానిని సుత్తితో కొట్టకూడదు, ఇంటికి తేకూడదు. విరిచిన ముక్కకు పైభాగం ఏదో, ఏ పొరదో తెలియదు కాబట్టి దాని విలువ అక్కడే పోతుంది. పక్కన పది రూపాయల నాణెం గాని, అంగుళాలున్న బద్ద గాని ఉంచి పక్క ముఖాన్ని, పై ముఖాన్ని వేర్వేరుగా ఫోటో తీయాలి. ఫోన్‌లో జీపీఎస్ స్థానాన్ని, దిక్సూచితో పొర వాలిన దిక్కును, కింది పొర, పై పొర ఏమిటన్నది పుస్తకంలో రాసుకోవాలి. పొలం రైతుదైతే అడిగి వెళ్లాలి, అడవి భూమైతే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. తుమ్మలపల్లె యురేనియం గని కూడా ఈ శ్రేణి డోలమైట్‌లోనే ఉంది, పులివెందుల వైపు పాత రాతినార (ఆస్బెస్టాస్) తవ్వకాలూ ఉన్నాయి. ఆ ఆవరణల్లోకి, వదిలేసిన గోతుల్లోకి దిగకూడదు, అక్కడి దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తిరగడానికి అనువైన కాలం. అరుదైన ఆకారం కనిపిస్తే ఫోటోలు, స్థానం వివరాలతో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికి తెలియజేయడం మంచిది.