వ్యానులో నీళ్ల ట్యాంకు కంపు కొడుతోందా?

వంటా, పడకా, టాయిలెట్టూ అన్నీ లోపలే ఉండే వ్యాను వేసుకుని రాయగడ నుంచి కోరాపుట్ వైపు తిరిగే మనవాళ్లకి ఒక మాట. మంచినీళ్ల ట్యాంకు నెలరోజులు వాడకుండా ఉంచితే లోపల పాచి పడుతుంది. 60 లీటర్ల ట్యాంకుకి సెంటు వాసన లేని మామూలు బ్లీచ్, 5 శాతంది, 60 మిల్లీలీటర్లు చాలు. బకెట్ నీళ్లలో కలిపి పోసి, ట్యాంకు నింపి, ప్రతి కుళాయిలోనూ బ్లీచ్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. రాత్రంతా ఉంచి, పొద్దున్న పారబోసి, వాసన పోయేవరకు కడగండి. కుళాయిలు తిప్పకపోతే పైపుల్లో పాచి అలాగే ఉండిపోతుంది. మొదటిసారి నేను చేసిన తప్పు అదే!

వాడిన నీళ్ల ట్యాంకు కంపుకి ముఖ్య కారణం మెతుకులూ, నూనే. కంచాలు పాత పేపరుతో తుడిచాకే కడగండి. ఘాట్ ఎక్కేముందు దాన్ని ఖాళీ చేసుకోండి. లీటరు నీళ్లంటే కిలో బరువు, పైగా సగం నిండిన ట్యాంకు మలుపుల్లో ఊగుతుంది. గెడ్డలో మాత్రం వదలొద్దు, కింద ఊరివాళ్లు ఆ నీళ్లే వాడుకుంటారు. టాయిలెట్ డబ్బాని సెప్టిక్ ట్యాంకు ఉన్నచోటే వంచండి. కడిగాక అడుగున కాసిని నీళ్లు పోసి ఉంచితే మలం అంటుకుపోదు.