ఇంట్లో బీరు కాచుకుందాం, 5వ పాఠం: రంగు సంగతి

పోయిన పాఠంతో మాష్ (అంటే దంచిన మాల్ట్‌ని వేణ్ణీళ్ళలో నానబెట్టడం) టెంపరేచర్ గోల అయిపోయింది కదా, ఈసారి రంగు. ముందే చెప్తున్నా, ఇక్కడ అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు, ఇండియాలో ఉన్నోళ్ళు మాత్రం చదివి ఊరుకోండి.

మాల్ట్ మనకి కొత్తేం కాదు, రాగి మాల్ట్‌కి రాగులు నానబెట్టి మొలకెత్తించి ఆరబెడతాం చూడండి, అదే పని ఇక్కడ బార్లీతో. ఆ తర్వాత ఎంత వేయిస్తే అంత నలుపు. ఆ నలుపుకి వేసే నంబరే లోవిబాండ్, 1880ల్లో ఆ పేరుగల ఇంగ్లండ్ ఆయన రంగు గాజుముక్కలు పక్కన పెట్టి బీరు రంగు పోల్చేవాడు. పేల్ మాల్ట్ 2, మ్యూనిక్ 9 అటూఇటూ, తీపినిచ్చే క్రిస్టల్ 60 (నంబర్ పేరులోనే ఉంది), చాక్లెట్ మాల్ట్ 350 దరిదాపుల్లో. అందులో చాక్లెట్ ఏం ఉండదు, రంగు చూసి పెట్టిన పేరంతే.

బీరు రంగు ఎంతొస్తుందో లెక్క ఈజీనే. ఒక్కో మాల్ట్ ఎన్ని పౌన్లో దాని నంబర్‌తో గుణించి, అన్నీ కూడి, గాలన్లతో భాగించండి. 5 గాలన్లకి 9 పౌన్ల పేల్, అర పౌను క్రిస్టల్ 60 అనుకోండి: 18 ప్లస్ 30, 48, బై 5 అంటే 9.6. దీన్ని 0.6859 పవర్‌కి పెంచి 1.4922తో గుణిస్తే (ఫోన్ కాలిక్యులేటర్ అడ్డంగా తిప్పితే ఆ బటన్ వస్తుంది) 7 ఎస్ఆర్ఎమ్ (బీరు రంగుకి వేసే నంబర్, పెరిగేకొద్దీ నలుపు), అంటే తేనె రంగు.

ఎర్రగా కావాలి, ఇప్పుడేం చేస్తారు? నేను మొదట్లో ఇంకో పౌను క్రిస్టల్ గుమ్మరించా, 12 వచ్చింది, రంగు చూసి మురిసిపోయా గానీ తాగితే దగ్గు మందే, అయిదు గాలన్లూ అంతే, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అదే 2 ఔన్సుల చాక్లెట్ వేసుంటే 11 వచ్చేది, తీపీ పెరిగేది కాదు. గుప్పెడు గింజలండీ అది! కాబట్టి క్రిస్టల్‌ని రుచి కోసం వాడండి, రంగుకి నల్ల మాల్ట్ చిటికెడు చాలు. అదీ మాష్ చివరి పావుగంటలో వేస్తే మాడు చేదు తక్కువ దిగుతుంది.

ఇంకోటి, కార్బాయ్‌లో (బీరు పులియబెట్టే పెద్ద సీసా) చూసి కంగారు పడకండి, అంత లోతులో ఏ బీరైనా నల్లగానే కనిపిస్తుంది, గ్లాసులో పోసి చూడండి.

వచ్చే పాఠంలోపు ఒక పని: ఔన్సు చాక్లెట్ మాల్ట్ కచ్చాపచ్చాగా దంచి కప్పు చన్నీళ్ళలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానేసి, పొద్దున కాఫీ ఫిల్టర్‌లో వడగట్టండి. సాయంత్రం, షాపులో కొన్న లైట్ లాగర్ (లేత రంగు బీరు) గ్లాసులో పోసి ఈ డికాషన్ ఒక్కో స్పూనూ కలుపుతూ, ఎన్నో స్పూనుకి ఎరుపు తిరిగిందో, ఎన్నో స్పూనుకి మాడు వాసన తగిలిందో రాసి పెట్టుకోండి.