వాకింగ్ సరే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా?

మా బెజవాడలో పొద్దున్నే రాఘవయ్య పార్కుకి వెళ్తే పెద్దవాళ్ళు చకచకా రౌండ్లు వేస్తూ కనిపిస్తారు, షుగర్‌కీ గుండెకీ మంచిదే కానీ పడిపోకుండా ఉండాలంటే నడక ఒక్కటే చాలదండి. కాలు జారిన క్షణంలో నిలదొక్కుకోవాలంటే తొడల్లో పిక్కల్లో బలం ఉండాలి, ఒంటికి బ్యాలెన్స్ అలవాటుండాలి. 65 దాటినవాళ్ళు ఇలాంటి ఎక్సర్‌సైజులు వారానికి కనీసం 3 రోజులు చెయ్యాలని డబ్ల్యూహెచ్ఓ 2020 గైడ్‌లైన్స్‌లో కూడా ఉంది.

అన్నిటికన్నా ముందు కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద జారుతుంది, గట్టి చెక్క కుర్చీని గోడకి ఆనించి వెయ్యండి. కొంచెం అంచుకి జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ళకన్నా కాస్త వెనక్కి లాక్కుని, ముందుకి వంగి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకూడదు, అసలు పని అక్కడే ఉంది, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ మెల్లగా దిగితే తొడలకి పని తగులుతుంది చూడండి. మొదట్లో చేతులు ఆనించినా పర్లేదు, 5 సార్లతో మొదలెట్టి 10కి వెళ్ళండి.

రెండోది వంటింటి గట్టు దగ్గర. స్టవ్‌కి దూరంగా గట్టు పట్టుకుని మడమలు లేపి మునివేళ్ళ మీద నిలబడటం, మెల్లగా దిగటం, ఓ పదిసార్లు. అమ్మగార్లు చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి, నాన్నగార్లు లుంగీ సంగతి చూసుకోండి.

అలాగే గట్టు పక్కనే ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేళ్ళు తగిలేలా పెట్టి నిలబడండి. పట్టుకోకుండా 10 సెకన్లు ఆగలేకపోతే పడే రిస్క్ ఎక్కువని లెక్క, అంటే ఇది మీకే ఎక్కువ అవసరం, ఎవరినైనా పక్కన ఉంచుకుని చెయ్యండి.

లేవగానే కళ్ళు తిరుగుతుంటే మాత్రం ఆపేసి డాక్టర్‌కి చెప్పండి, బీపీ మాత్రల వల్ల కూడా అలా అవుతుంది. ఇదివరకు పడినవాళ్ళు, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టే మొదలెట్టాలి. ఇంకోటి, అరిగిపోయిన హవాయి చెప్పులతో ఇవి చెయ్యొద్దు, బాత్రూంకి కూడా వాటితో వెళ్ళొద్దు, కొత్తవి కొనిపెడితే దాచుకోకుండా వేసుకోండి బాబూ.